పనిచోట ఎర్గోనామిక్స్: ఆడ, మగ తేడా చూడాలా వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

సూపర్‌వైజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు, లైన్ మీద పనిచేసేవాళ్లు ఎర్గోనామిక్స్ గురించి, అంటే పనిని, పనిముట్లను మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చడం గురించి, తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతున్నారు, అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మొదటి నుంచీ చదవాల్సిన పనేమీ లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టకముందు వచ్చే సందేహాలు

అందరికీ ఒకే బెంచీ, ఒకే టూల్, ఒకే రూల్ ఇస్తే అదే సమానత్వం కదా? మళ్లీ ఆడ మగ అని లెక్కలెందుకు?

ఒకే బెంచీ ఇచ్చారు సరే, దాని ముందు నిలబడే శరీరాలు ఒకటి కావు కదా. నిలబడి చేసే తేలికపాటి చేతిపనికి ఎర్గోనామిక్స్ పాఠ్యపుస్తకాలు చెప్పే బెంచీ ఎత్తు మగవాళ్లకు 90 నుంచి 95 సెం.మీ., ఆడవాళ్లకు 85 నుంచి 90. చూడ్డానికి ఐదు సెంటీమీటర్లే. కానీ బెంచీ ఆ కాస్త ఎక్కువైతే షిఫ్ట్ మొత్తం భుజాలు పైకి లేపి పట్టుకోవాలి, తక్కువైతే పొడుగాటి మనిషి నడుము వంచే ఉండాలి. ఎవరికి ఏమిచ్చామన్నది కాదు, సాయంత్రానికి ఎవరి ఒంటి మీద ఎంత భారం పడిందన్నది లెక్క.

ఇదంతా ఆడవాళ్లు బలహీనులని చెప్పడమే కదా?

కాదు. సగటున చూస్తే ఆడవాళ్ల పిడికిలి బలం మగవాళ్ల దానిలో 60 శాతం దగ్గర ఉంటుంది, కాళ్ల బలంలో తేడా అంతకంటే తక్కువ. అయితే ఇవి సగటులు. సగటు మగవాడి కంటే బలమైన ఆడవాళ్లూ ఉంటారు, సగటు ఆడమనిషి కంటే తక్కువ బలమున్న మగవాళ్లూ ఉంటారు.

అసలు విషయం పని అడిగే బలానికీ మనిషి దగ్గరున్న బలానికీ మధ్య ఉన్న నిష్పత్తి. ఒక లివర్ నొక్కడానికి 12 కిలోల పట్టు కావాలనుకోండి. 45 కిలోల పట్టున్న మనిషికి అది తన బలంలో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. 27 కిలోల పట్టున్న మనిషికి దాదాపు 44 శాతం. కండరం ఎంత గట్టిగా బిగుసుకుంటే దానిలోకి రక్తం రావడం అంత తగ్గుతుంది, కాబట్టి రెండో మనిషి చెయ్యి చాలా ముందే అలసిపోతుంది. ఇంకో సంగతి: తమ బలంలో ఒకే శాతం వాడుతూ ఒక భంగిమలో పట్టి ఉంచే పరీక్షల్లో ఆడవాళ్లే ఎక్కువసేపు నిలబడగలరని చాలా అధ్యయనాల్లో తేలింది. కాబట్టి బలహీనత అనే మాట పక్కన పెట్టి, ఆ లివర్‌కి 12 కిలోలు ఎందుకు కావాల్సి వస్తోందో చూడండి. చాలాసార్లు స్ప్రింగ్ మార్చినా, కాస్త గ్రీజు పెట్టినా సగానికి సగం తగ్గుతుంది.

ఆడ మగ గొడవ లేకుండా సగటు సైజు తీసుకుని డిజైన్ చేస్తే పోలా?

పోదు. 1950 ప్రాంతంలో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకుని, కాక్‌పిట్‌కి ముఖ్యమైన 10 కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లెవరో వెతికాడు. ఒక్కడు కూడా దొరకలేదు. వాళ్లందరూ మగవాళ్లే, పైగా పైలట్ ఉద్యోగానికి ఎత్తు, బరువు చూసి ఎంపిక చేసినవాళ్లు. ఆడవాళ్లను కూడా కలిపి సగటు తీస్తే ఎవరికీ సరిపోని కొలత వస్తుందంతే.

వాడుకలో ఉన్న పద్ధతి వేరు. చెయ్యి అందాల్సిన చోట చిన్న శరీరాన్ని చూస్తారు, ఒళ్లు పట్టాల్సిన చోట పెద్ద శరీరాన్ని చూస్తారు. పై అర, ఎమర్జెన్సీ స్టాప్ బటన్ పొట్టి మనిషికి అందితే అందరికీ అందుతాయి. బల్ల కింద మోకాళ్లు పెట్టుకునే జాగా పెద్ద మనిషికి చాలితే అందరికీ చాలుతుంది. ఈ రెండూ కుదరని చోట ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఉండాలి.

మా షాప్ ఫ్లోర్‌లో అందరూ మగవాళ్లే. మాకిది అనవసరం కదా?

పొట్టి మగవాళ్లు, చిన్న చేతులున్న మగవాళ్లు మీ దగ్గర లేరా? ఇంకోటి కూడా ఆలోచించండి. ఆడవాళ్లు ఆ పనికి రాకపోవడానికి ఒక్కోసారి మిషనే కారణం. హ్యాండిల్ అందదు, పెడల్ అందదు, వచ్చినవాళ్లు కొన్నాళ్లకే మానేస్తారు. 'ఆడవాళ్లు ఇక్కడ నిలబడరండీ' అనేస్తారు. అక్కడ నిలబడటానికి పీట వేశారా అని అడగాలనిపిస్తుంది నాకు.

## పరిశీలన, కొలతల దశలో

ఒకే పోస్టు, ఒకే జీతం. మరి మెడ, భుజాల నొప్పులు ఆడవాళ్లకే ఎందుకెక్కువ?

పోస్టు పేరు ఒకటే అయినంత మాత్రాన పని ఒకటే అనుకోకండి. ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ముందు నేను చెప్పే మాట ఇదే. కెనడా ఎర్గోనామిస్టు కేరెన్ మెస్సింగ్, ఆమెతో పనిచేసినవాళ్లు ఆసుపత్రి క్లీనింగ్ సిబ్బందిని పరిశీలించినప్పుడు పనిని 'బరువు పని', 'తేలిక పని' అని విడగొట్టి మొదటిది మగవాళ్లకు, రెండోది ఆడవాళ్లకు ఇవ్వడం కనిపించింది. తేలిక పని అన్నది అసలు తేలికే కాదు: గది తర్వాత గది, వంగి తుడవడం, మూలల్లోకి చెయ్యి పెట్టడం, ఆగకుండా.

మీ దగ్గరే ఒక ప్యాకింగ్ లైన్ పక్కన గంటసేపు నిలబడి చూడండి. అతను ట్రాలీలో కార్టన్లు తెస్తాడు, దించుతాడు, మళ్లీ ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వెళ్తాడు, దారిలో ఇద్దరితో మాట్లాడతాడు. బరువు మోస్తున్నాడు నిజమే, కానీ ఒళ్లు కదులుతోంది, మధ్యలో కాస్త ఊపిరి తీసుకుంటున్నాడు. ఆమె ఒకేచోట నిలబడి డబ్బా మూతలు మడిచి, టేపు వేసి, స్టిక్కర్ అంటించి పక్కకు తోస్తుంది. తల వంచే ఉంటుంది, మణికట్టు ఒకే వైపు తిరుగుతుంది. లైన్ వేగం ఆమె చేతిలో లేదు. ఒక్కో డబ్బా 200 గ్రాములే, కానీ నిమిషానికి 8 డబ్బాల చొప్పున 7 గంటలకు 3,360 డబ్బాలు, అంటే 672 కిలోలు. దాన్ని తేలిక పని అంటున్నాం.

శరీరంలో తేడాలూ కొంత కారణమే, ఉదాహరణకి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ సమస్య ఆడవాళ్లలోనే ఎక్కువ. కానీ 'వాళ్ల ఒళ్లే అంత' అని తేల్చేముందు ఇద్దరూ నిజంగా చేస్తున్న పని గంటగంటకూ రాసుకుని పోల్చి చూడండి.

నొప్పుల సర్వే పెడితే ఆడవాళ్లే రాస్తున్నారు, మగవాళ్లు ఏమీ లేదంటున్నారు. ఏది నమ్మాలి?

రెండింటినీ జాగ్రత్తగా చదవాలి. పనిలో నొప్పి ఉందని ఒప్పుకుంటే చేతకానివాడనుకుంటారని చాలామంది మగవాళ్లు చెప్పరు. ఆడవాళ్లు చెప్తే 'ఇంట్లో పనివల్ల వచ్చి ఉంటుంది' అని కొట్టిపారేస్తారు. అందుకని పేరు రాయించకండి. శరీరం బొమ్మ ఇచ్చి నొప్పి ఉన్నచోట గీత గీయమనండి. 'నొప్పి ఉందా' అనే బదులు 'ఏ పని చేస్తుంటే ఎక్కడ లాగుతోంది' అని అడిగితే మగవాళ్లు కూడా మాట్లాడతారు. దాంతోపాటు సెలవుల రికార్డు, డిపార్ట్‌మెంట్ మార్చమని వచ్చిన దరఖాస్తులు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో నొప్పి మాత్రలు, స్ప్రే ఎంత త్వరగా అయిపోతున్నాయో చూడండి.

ఏయే కొలతలు తీసుకోవాలి? టేపు పట్టుకుని ఆడవాళ్లను కొలుస్తామంటే ఇబ్బంది పడతారు కదా?

ఇబ్బంది పెట్టే కొలతలు దాదాపు అక్కర్లేదు. నిలబడినప్పుడు మోచేయి ఎత్తు, కూర్చున్నప్పుడు మోచేయి ఎత్తు, నేల నుంచి మోకాలి వెనక మడత వరకు ఎత్తు, చెయ్యి ముందుకు ఎంత అందుతుంది, అరచేతి పొడవు, వెడల్పు. చాలా పనులకు ఇవి చాలు. గోడకు అంకెల పట్టీ అంటించి పక్కన నిలబడమంటే టేపుతో ఎవరూ ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు. పనిలో వేసుకునే బూట్లతోనే కొలవండి. సేఫ్టీ హార్నెస్ లాంటి వాటికి నడుము, ఛాతీ కొలతలు కావాలంటే సైజుల పట్టిక ఇచ్చి ఎవరి సైజు వాళ్లనే రాసుకోనివ్వండి.

పని భంగిమ ఎంత ప్రమాదమో మార్కులు వేసే రూలా, రీబా స్కోర్లలో ఆడ మగ గడే లేదు కదా, అవి సరిపోతాయా?

సగం సరిపోతాయి. 1993లో వచ్చిన రూలా పద్ధతి భంగిమ కోణాలను చూస్తుంది, కాబట్టి ఎత్తు తేడా వల్ల మెడ, భుజం ఎంత వంగుతున్నాయో అందులో పట్టుబడుతుంది. కానీ బరువు దగ్గర 2 కిలోలు, 10 కిలోలు అని అందరికీ ఒకటే గీత, ఎవరి బలం ఎంతన్నది దానికి పట్టదు. ఇంకా పెద్ద పొరపాటు స్కోరు వేసేవాళ్ల దగ్గర జరుగుతుంది: లైన్‌లో మధ్యరకం ఎత్తున్న ఒక్కడి ఫోటో తీసి అతని స్కోరే అందరికీ రాసేస్తారు. అదే స్టేషన్‌లో అందరికంటే పొట్టి మనిషికి, పొడుగు మనిషికి, చిన్న చేతులున్న మనిషికి విడివిడిగా వేయండి, తేడా మీకే కనిపిస్తుంది.

ట్రాన్స్ ఉద్యోగులను ఏ లెక్కలో వేయాలి?

ఏ లెక్కలోనూ వేయక్కర్లేదు. బెంచీకి కావాల్సింది మోచేయి ఎత్తు, గ్లవ్‌కి కావాల్సింది చేతి సైజు. రిజిస్టర్‌లో ఏమని రాసుందో వాటికి అనవసరం. బట్టలు మార్చుకునే గది, టాయిలెట్ విషయం మాత్రం వాళ్లనే అడిగి ఏర్పాటు చేయండి, నలుగురిలో కాకుండా.

## సరిదిద్దే దశలో

ఆడవాళ్లు ఎన్ని కిలోలు ఎత్తొచ్చు? ఒక్క నంబర్ చెప్పండి చాలు.

ఒక్క నంబర్ లేదు, అదే చిక్కు. బ్రిటన్‌లో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ మార్గదర్శకం ప్రకారం నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తితే మగవాళ్లకు 25 కిలోలు, ఆడవాళ్లకు 16 కిలోలు. అది కూడా 'ఇది దాటితే వివరంగా పరిశీలించండి' అనే గీతే తప్ప చట్టం పెట్టిన హద్దు కాదు. జపాన్ నిబంధనల్లో వయోజన మహిళలకు అప్పుడప్పుడు ఎత్తే పనైతే 30 కిలోలు, అదేపనిగా ఎత్తే పనైతే 20 కిలోలు అని ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు మగవాళ్లకు 55 కిలోలు అని రాసి, ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలని చెప్పి వదిలేసింది. మీ చోట చట్టం ఏదైనా హద్దు పెడితే ముందు దాన్ని పాటించాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

నాకు నచ్చిన పద్ధతి, పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం. అందులో ఆడ మగ అని రెండు నంబర్లు లేవు. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు, అదే మొదలు. ఆ నంబర్‌ని నిర్ణయించేటప్పుడే మహిళా కార్మికుల్లో కనీసం 75 శాతం మందికి కుదరాలని చూసుకున్నారు. తర్వాత పరిస్థితిని బట్టి తగ్గించుకుంటూ పోవాలి. బరువు ఒంటికి 25 సెం.మీ. దూరంలో ఉంటే 23 కిలోలు అలాగే ఉంటుంది, 50 సెం.మీ. దూరంలో ఉంటే సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. నేల మీంచి ఎత్తినా, భుజం పైకి ఎత్తినా, ఒళ్లు తిప్పుతూ ఎత్తినా, పట్టుకోడానికి పిడి లేకపోయినా ఇంకా తగ్గుతుంది.

అంటే ప్యాలెట్‌కి (సరుకు పేర్చే చెక్క పీటకి) అవతలి అంచున ఉన్న 12 కిలోల పెట్టె, ఒంటికి ఆనించి ఎత్తే 20 కిలోల పెట్టె కంటే ప్రమాదం కావచ్చు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లు దాన్ని అందుకోడానికి ఇంకా ముందుకు వంగాలి. మనిషికి నంబర్ వెతికే టైములో ప్యాలెట్‌ని తిరిగే బల్ల మీద పెట్టండి.

బరువు పనులన్నీ మగవాళ్లకే ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

గొడవ వదలదు, ఒకరి నడుం మీంచి ఇంకొకరి నడుం మీదికి పోతుంది. ఆసుపత్రి వార్డుల్లో చూడండి. మగ నర్సు ఒక్కడుంటే రోగిని పక్కకు తిప్పాలన్నా, మంచం మీంచి లేపాలన్నా అందరూ అతన్నే పిలుస్తారు. తన పని తాను చేసుకుంటూ అందరి వంతు బరువూ అతనే లేపాలి. నడుము పట్టేశాక 'మగాడివి, ఇంతమాత్రానికేనా' అంటారు. వాళ్లకు కావాల్సింది రోగిని జరిపే స్లైడ్ షీట్, పైకి లేపే లిఫ్ట్ యంత్రం.

ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే బరువు పనికి అదనపు కూలీ, అనుభవం, ప్రమోషన్ ముడిపడి ఉంటాయి, అవన్నీ పోతాయి. రక్షణ పేరుతో ఆడవాళ్లను పనికి దూరం పెట్టడం కోర్టుల దాకా వెళ్లిన సంగతే. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ కంపెనీ బ్యాటరీల తయారీలో సీసం తగులుతుందని పిల్లలు పుట్టే అవకాశమున్న ఆడవాళ్లను ఆ పనుల్లో వద్దంది. 1991లో సుప్రీంకోర్టు అది వివక్షేనని తీర్పు చెప్పింది. సీసం మగవాళ్ల వీర్యాన్ని కూడా దెబ్బతీస్తుంది, వాళ్లను మాత్రం ఎవరూ ఆపలేదు.

చిన్న చేతులకు ఏ టూల్స్ కొనాలి?

రంగు చూసి కొనకండి, కొలత చూసి కొనండి. గట్టిగా బిగించి పట్టుకునే ఒంటి పిడి టూల్‌కి పిడి మందం 32 నుంచి 51 మి.మీ. మధ్య ఉండాలంటారు, చిన్న చేతులకు ఇందులో తక్కువ వైపు చూడండి. కటింగ్ ప్లయర్ లాంటి రెండు పిడుల టూల్ పూర్తిగా తెరిచినప్పుడు పిడుల మధ్య 90 మి.మీ. దాటకూడదు, మూసినప్పుడు 50 మి.మీ. కంటే తగ్గకూడదు. వేళ్లు బాగా చాచి ఉన్నప్పుడు పట్టులో బలమే ఉండదు, అందుకే పెద్ద ప్లయర్‌ని చాలామంది రెండు చేతులతో నొక్కుతుంటారు. ఎవరైనా అలా నొక్కడం కనిపిస్తే టూల్ సైజు తప్పని అర్థం. వదిలేయగానే తెరుచుకునే స్ప్రింగ్ ఉన్నది తీసుకోండి. ఏదైనా సరే, వాడేవాళ్ల చేతికిచ్చి, పనిలో వేసుకునే గ్లవ్స్‌తోనే ట్రయల్ వేయించాక ఆర్డర్ పెట్టండి. మందపాటి గ్లవ్ వేసుకుంటే పట్టు ఇంకా తగ్గుతుంది.

కుర్చీ ఎత్తు పెంచితే కాళ్లు వేలాడుతున్నాయి, తగ్గిస్తే టేబుల్ అందట్లేదు. ఏం చేయాలి?

తప్పు కుర్చీది కాదు, టేబుల్‌ది. ఎత్తు మార్చలేని ఆఫీసు టేబుళ్లు ఎక్కువగా 73 నుంచి 75 సెం.మీ. ఎత్తులో వస్తాయి. పొట్టి మనిషి మోచేతులు దానికి సరిపోవాలంటే కుర్చీ పైకి లేపుకోవాలి, అప్పుడు పాదాలు గాల్లో ఉంటాయి, సీటు అంచు తొడల కింద నొక్కుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చివరికి ముందుకు జరిగి అంచు మీద కూర్చుంటారు, వీపుకి ఆనుకునే భాగం ఉండీ లేనట్టే. ఎత్తు మారే టేబుల్ ఉంటే మంచిది, లేదంటే కుర్చీ లేపి కాళ్ల కింద గట్టి ఫుట్‌రెస్ట్ పెట్టండి. సీటు లోతు కూడా చూడాలి, వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాక మోకాలి వెనక రెండు మూడు వేళ్లు పట్టాలి.

పీపీఈలో (హెల్మెట్, గ్లవ్స్, బూట్లు, మాస్క్ లాంటి రక్షణ సామగ్రిలో) చిన్న సైజు ఆర్డర్ చేస్తే ఆడవాళ్లకు సరిపోతుంది కదా?

చాలాసార్లు సరిపోదు. మగవాళ్ల నమూనాని అన్ని వైపులా కుదించినంత మాత్రాన ఆడవాళ్ల ఆకారం రాదు. పాదానికి మడమ భాగం సన్నగా ఉంటుంది, భుజాలకీ తుంటికీ మధ్య నిష్పత్తి వేరు, ముఖం కొలతలు వేరు. బ్రిటన్ కార్మిక సంఘాల సమాఖ్య టీయూసీ 2017లో ఇచ్చిన నివేదికలో ఆడవాళ్ల కోసం తయారుచేసిన పీపీఈ వాడుతున్నవాళ్లు 29 శాతమే అని తేలింది. అమెరికాలో నిర్మాణ రంగంలో పీపీఈ ఒంటికి సరిగ్గా సరిపోయేలా ఉండాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. నాసాకే ఈ తిప్పలు తప్పలేదు. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన మొదటి స్పేస్‌వాక్‌లో చివరి నిమిషంలో మనిషిని మార్చారు. ఇద్దరికీ మీడియం సైజు స్పేస్ సూట్ కావాలి, స్పేస్ స్టేషన్‌లో ఆ సైజు పైభాగం సిద్ధంగా ఒక్కటే ఉంది. ఆ నడక చివరికి అక్టోబరులో జరిగింది.

వదులు గ్లవ్ తిరిగే మిషన్‌లో చిక్కుకుంటుంది. వదులు బూటు మెట్ల మీద జారుతుంది. మాస్క్ అంచు చెంప దగ్గర ఖాళీ వదిలితే దుమ్ము ఫిల్టర్‌లోంచి కాకుండా ఆ ఖాళీలోంచే లోపలికి పోతుంది, అందుకే రెస్పిరేటర్ ఇచ్చేముందు ఒక్కొక్కరికీ ఫిట్ టెస్ట్ చేయాలి. జడ, కొప్పు ఉన్నవాళ్లకు హెల్మెట్ వెనక బిగించే పట్టీ ఎక్కడ కూర్చుంటుందో కూడా చూడండి. 'ఇచ్చాం, వాళ్లే వేసుకోవట్లేదు' అనేముందు ఒకసారి ఆ సైజు మీరే వేసుకుని నిచ్చెన ఎక్కండి.

ఏసీ దగ్గర రోజూ యుద్ధమే, ఆడవాళ్లకు చలి, మగవాళ్లకు ఉక్క. నిజంగా తేడా ఉందా, అలవాటా?

తేడా ఉంది. ఆఫీసు ఉష్ణోగ్రతల ప్రమాణాల వెనకున్న లెక్కలో శరీరం పుట్టించే వేడికి పాతకాలంలో 40 ఏళ్ల, 70 కిలోల మగమనిషిని నమూనాగా తీసుకున్నారు. ఆ లెక్క ఆడవాళ్ల విషయంలో 35 శాతం దాకా ఎక్కువ చూపిస్తుండవచ్చని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. బట్టల తేడా కూడా ఉంటుంది. రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్న పేచీకి మందు లేదు గానీ, గాలి నేరుగా మీద పడే సీట్లు మార్చడం, వెంట్ దిశ తిప్పడం, ఉక్కగా ఉన్నవాళ్లకు టేబుల్ ఫ్యాన్ ఇవ్వడం పనిచేస్తాయి. వేళ్లు చల్లబడితే టైపింగ్, చిన్న భాగాలు అమర్చడం నెమ్మదిస్తాయి, అది ఉత్పత్తి మీదే పడుతుంది.

కౌంటర్ దగ్గర స్టూల్ అడిగితే కస్టమర్ల ముందు బాగోదంటున్నారు. ఏమని చెప్పాలి?

గంటల తరబడి కదలకుండా నిలబడితే కాళ్ల వాపు, నడుము నొప్పి వస్తాయి, సిరలు ఉబ్బే సమస్య పెరుగుతుంది, ఇది ఆడవాళ్లకూ మగవాళ్లకూ వర్తిస్తుంది. కాకపోతే ఒకేచోట నిలబెట్టే కౌంటర్ పనుల్లో ఆడవాళ్లనే ఎక్కువగా పెడతారు. పూర్తి కుర్చీ కుదరకపోతే సగం నిలబడి సగం ఆనుకునే ఎత్తు స్టూల్ ఉంటుంది, దాని మీదున్నా కస్టమర్‌కి ఎదురుగా ముఖం ఎత్తులోనే ఉంటారు. ఒక కౌంటర్‌లో ట్రయల్ వేసి చూపించండి, వాదన కంటే అది నయం.

టాయిలెట్ కూడా ఎర్గోనామిక్స్‌లోకి వస్తుందా?

వస్తుంది. టాయిలెట్ దూరమనో, లైన్ వదిలి వెళ్తే సూపర్‌వైజర్ మొహం మాడ్చుకుంటాడనో ఆడవాళ్లు పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. తలనొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్లు, వేడి ఎక్కువున్న చోట వడదెబ్బ వచ్చేవి అందుకే. దూరం, సంఖ్య, లైన్‌లో వాళ్ల బదులు నిలబడే మనిషి, ఈ మూడూ చూడండి. ఇంకోటి ఎవరూ గమనించరు: పైనుంచి కిందికి ఒకటే పీసుగా ఉండే కవరాల్ మీద హార్నెస్ కూడా ఉంటే ఆడవాళ్లు మొత్తం విప్పాలి. రెండు పీసుల యూనిఫాం ఇస్తే పదినిమిషాల పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

## గర్భం, ప్రసవం, మెనోపాజ్

గర్భిణి అని తెలిశాక పనిలో ఏం మార్చాలి?

పొట్ట పెరిగేకొద్దీ బరువు ఒంటికి దూరమవుతుంది, అదే పెట్టె నడుము మీద ఎక్కువ భారం వేస్తుంది. కీళ్లను పట్టి ఉంచే కణజాలం వదులవుతుంది, తూకం మారుతుంది, బెంచీకి దగ్గరగా నిలబడటం కుదరదు కాబట్టి చేతులు చాచి పనిచేయాల్సి వస్తుంది. ఒంట్లో నీరు చేరి మణికట్టు దగ్గర తిమ్మిర్లు రావడం కూడా మామూలే. 2013లో నియోష్ పరిశోధకులు ప్రచురించిన పరిమితుల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న గర్భిణి అప్పుడప్పుడు మాత్రమే, ఒంటికి దగ్గరగా ఎత్తే పనిలో మొదటి 20 వారాల్లో దాదాపు 16 కిలోలు, ఆ తర్వాత దాదాపు 12 కిలోలు దాటకూడదు. తరచుగా ఎత్తే పనైతే ఇంకా తక్కువ. నేల మీంచి, తల పైనుంచి ఎత్తడం వద్దు.

కూర్చునే వీలు, తరచూ చిన్న బ్రేకులు, నిచ్చెన పని లేకుండా చూడటం, షిఫ్ట్ మార్పు, ఇవన్నీ ఆమెను అడిగి చేయండి. జీతం తగ్గే సీటుకి మార్చకండి, అలా మారిస్తే తర్వాత వచ్చే ఆమె అసలు విషయమే చెప్పదు. డాక్టర్ వేరే చెప్తే డాక్టర్ మాటే ఖాయం.

ఆమె చెప్పకముందే మనం అడగొచ్చా?

అడక్కండి. ఏ పనుల్లో గర్భిణికి ప్రమాదముందో, చెప్పగానే ఏమేం మారుస్తారో ముందే రాసి అందరికీ తెలిసేలా పెట్టండి. రసాయనాల ప్రమాదం మొదటి వారాల్లోనే ఉంటుంది, అప్పటికి చాలామందికి తమ సంగతి తమకే తెలియదు, అందుకే ఆ జాగ్రత్తలు ఆ చోట పనిచేసే అందరికీ ఎప్పుడూ ఉండాలి.

ప్రసవం తర్వాత డ్యూటీలో చేరింది, ఇక మామూలే కదా?

మామూలు కాదు. పొట్ట కండరాలు పట్టు తెచ్చుకోడానికి నెలలు పడుతుంది, ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ. బరువులు మెల్లమెల్లగా పెంచండి. పాలిచ్చే తల్లికి విరామం గానీ, పని గంటల తగ్గింపు గానీ హక్కుగా ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక చెప్తోంది. పాలు తీసుకోడానికి తలుపు గడియ పడే గది, కుర్చీ, ప్లగ్ పాయింట్, ఫ్రిజ్ కావాలి. టాయిలెట్ చూపించకండి.

మెనోపాజ్ గురించి పనిచోట మాట్లాడటం అవసరమా?

అవసరమే. ఒక్కసారిగా ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టడం, నిద్ర చాలకపోవడం, కీళ్ల నొప్పులు పనిలో ఇబ్బంది పెడతాయి. బ్రిటన్ ప్రమాణాల సంస్థ 2023లో నెలసరి, మెనోపాజ్ మీద పనిచోట ప్రమాణం ఒకటి తెచ్చింది కూడా. ఫ్యాన్, చల్లటి నీళ్లు, గాలాడే యూనిఫాం ఇవ్వండి, వీటికి ఎవరూ కారణం చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా ఇవ్వండి.

## అమలు చేశాక

ఇంటిపని అలసట కూడా మేమే లెక్కేసుకోవాలా? అది కంపెనీ బాధ్యత కాదు కదా?

ఇంట్లో ఎవరు అంట్లు తోముతున్నారో కంపెనీ చూడనక్కర్లేదు. కానీ షిఫ్ట్ అయిపోయాక శరీరానికి కోలుకునే టైము దొరుకుతుందా లేదా అన్నది మాత్రం ఎర్గోనామిక్స్ విషయమే. జీతం లేని ఇంటిపని, సంరక్షణ మీద ప్రపంచవ్యాప్తంగా ఆడవాళ్లు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు పెడుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదికలో ఉంది. స్వీడన్‌లో మరియానె ఫ్రాంకెన్‌హాయిజర్ బృందం 1980ల చివర్లో మేనేజర్ల మీద చేసిన అధ్యయనంలో పని అయ్యాక మగవాళ్లలో టెన్షన్ హార్మోన్లు తగ్గుముఖం పడితే, ఆడవాళ్లలో సాయంత్రం కూడా అలాగే ఉన్నట్టు కనిపించింది. మీ చేతిలో ఉన్నవి షిఫ్ట్ రోస్టర్, ఓటీ (ఓవర్ టైం). రోస్టర్ ముందే ఇవ్వండి, ఓటీ చివరి నిమిషంలో చెప్పకండి. మగవాళ్లు పిల్లల కోసం సెలవడిగితే వెక్కిరించకండి.

యాజమాన్యం ఖర్చు అంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్దగా ఖర్చులేని వాటితో. పొట్టివాళ్లకు నిలబడే ప్లాట్‌ఫాం, 25 కిలోల సంచి బదులు సప్లయర్‌ని 12 కిలోల సంచులు అడగడం, ఎక్కువ వాడే సామాను నడుము ఎత్తు అరల్లోకి మార్చడం, సీట్ల మధ్య రొటేషన్. రొటేషన్ అన్నప్పుడు మణికట్టు పనినుంచి ఇంకో మణికట్టు పనికి మారిస్తే లాభం లేదు, వేరే కండరాలు వాడే పనికి మార్చాలి. యాజమాన్యానికి నొప్పుల చిట్టా కంటే సెలవు రోజులు, రిజెక్ట్ అయిన పీసులు, కొత్తవాళ్లకు మళ్లీ మళ్లీ ట్రైనింగ్ ఇచ్చిన ఖర్చు చూపిస్తే తొందరగా వింటారు.

చేసిన మార్పు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొత్తం లెక్క ఒకటే చూస్తే మోసపోతారు. మగవాళ్లకు నొప్పులు తగ్గి ఆడవాళ్లకు పెరిగినా మొత్తంలో మార్పు లేనట్టే కనిపిస్తుంది. అందుకని విడిగా లెక్కేయండి, అలాగే పనివారీగా కూడా. ఒక సెక్షన్‌లో ఇద్దరే ఆడవాళ్లుంటే అంకెలు బయటపెట్టకండి, ఎవరేం చెప్పారో ఇట్టే తెలిసిపోతుంది, వాళ్లతో నేరుగా మాట్లాడితే చాలు. మార్పు చేసిన రెండు మూడు వారాలకు ఒకసారి వెళ్లి చూడండి. పొట్టివాళ్ల కోసం వేసిన ప్లాట్‌ఫాం పక్కవాళ్ల కాళ్లకు తగులుతుండొచ్చు. ఎత్తు మారే బెంచీలు కొన్నచోట రెండు షిఫ్టుల్లోనూ బెంచీ ఒకే ఎత్తులో కనిపిస్తే లివర్ ఎక్కడుందో, అది తిప్పడానికి ఎంత బలం కావాలో చూడండి. ఎవరూ మార్చుకోవట్లేదంటే చాలాసార్లు అది బిగుసుకుపోయి ఉంటుంది, లేదా దాన్ని తిప్పే పర్మిషన్ మెయింటెనెన్స్ వాళ్లకే ఉందని అందరూ అనుకుంటుంటారు.